జీరో మోడల్ 21కు ఏ రంగు వేయాలి, పెయింటు ఊడినట్లు చూపించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. 1/48 స్కేలులో, రెండో ప్రపంచ యుద్ధం నాటి జపాన్ నౌకాదళపు యుద్ధవిమానం జీరోలో ‘మోడల్ 21’ అనే రకం కిట్ కొన్నారు. ఇంతకుముందు రెండు కార్లు, ఒక ఓడ కట్టారు. యుద్ధవిమానం ఇదే మొదటిది. పెట్టె మీది బొమ్మలో విమానం లేత బూడిద రంగులో ఉంది. ఇంటర్నెట్‌లో చూసిన మోడళ్లు కొన్ని తెల్లగా, కొన్ని గోధుమ ఛాయలో ఉన్నాయి. చాలామంది రెక్కల మీద పెయింటు ఊడి లోహం వెండిలా మెరుస్తున్నట్లు చేశారు. వీటిలో ఏది సరైనది, ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే పరికరం) లేకుండా పని జరుగుతుందా అని అడిగారు.

బూడిద రంగే వేయండి, కానీ అందులో కొద్దిగా పసుపు, ఆకుపచ్చ ఛాయ ఉండాలి. పెయింటు ఊడినట్లు చూపించకండి. ఎయిర్‌బ్రష్ లేకపోయినా నిక్షేపంగా జరుగుతుంది.

అయితే స్ప్రూ (ముక్కలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి మొదటి ముక్క కోయకముందే తేల్చుకోవలసినది మరొకటి ఉంది. మీరు కట్టబోయే విమానం ఏ తేదీ నాటిది? ఈ ఒక్కటి తేలితే మిగతా సందేహాల్లో ముప్పాతిక వంతు వాటంతట అవే తీరిపోతాయి. పాతికేళ్లుగా విమానాల మోడళ్లు కడుతున్నాను, అందులో పదకొండు జీరోలు. నేను చేసిన తప్పుల్లో ఎక్కువ భాగం తేదీ చూసుకోకుండా మొదలుపెట్టడం వల్ల జరిగినవే.

జిరో హొరికోషి నాయకత్వంలో మిత్సుబిషి సంస్థ రూపొందించిన ఈ విమానం 1939 ఏప్రిల్ 1న తొలిసారి ఎగిరింది. నౌకాదళంలోకి తీసుకున్నది 1940లో. జపాన్ సంప్రదాయ కాలమానంలో అది 2600వ సంవత్సరం. చివరి అంకె సున్నా కాబట్టి ‘జీరో’ అయింది. 1945 వరకు అన్ని రకాలూ కలిపి పది వేలకు పైగా తయారయ్యాయి. రూపకల్పన మిత్సుబిషిదే అయినా, వాటిలో సగానికి పైగా కట్టింది నకజిమా సంస్థ. మోడల్ కట్టేవాళ్లు మొదట గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇదే. రెండు కర్మాగారాలు రంగులు వేసిన తీరు ఒకటి కాదు.

నకజిమా జీరోల తయారీని 1941 నవంబరులో మొదలుపెట్టింది. కాబట్టి 1941 డిసెంబరు 7న అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద దాడికి వెళ్లిన జీరోలన్నీ మిత్సుబిషి కట్టినవే. మిత్సుబిషి మోడల్ 21 దేహం మీద జపాన్ గుర్తైన ఎర్రటి హినోమారు వృత్తం చుట్టూ తెల్లని అంచు ఉండదు. నకజిమా విమానాలకు దేహం మీది వృత్తానికి తెల్లని అంచు కర్మాగారంలోనే వేసేవారు. ఒక ప్రదర్శనలో పెర్ల్ హార్బర్ నాటి జీరో చూశాను. అతుకులు, ప్యానెల్ గీతలు (రేకులు కలిసే చోటి గాడులు), కాక్‌పిట్ అన్నీ ఎంతో శ్రద్ధగా చేశారు. దేహం మీద మాత్రం తెల్లని అంచు ఉంది. ఆ ఒక్క అంచుతో అది వేరే కర్మాగారపు విమానమైపోయింది. అంత కష్టపడిన మనిషికి ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. కిట్‌తో వచ్చే డెకాల్ (అతికించే గుర్తుల) షీట్‌లో అంచు ఉన్నవీ లేనివీ రెండూ ఇస్తుంటారు. తేదీ తెలిస్తేనే ఏది అతికించాలో తెలుస్తుంది.

ఇక రంగు సంగతి. దీని మీద మోడల్ కట్టేవాళ్ల మధ్య దశాబ్దాలుగా వాదన నడుస్తోంది. ‘అమే’ అంటే జపాన్‌లో పిండిపదార్థం నుంచి తీసే తీపి పాకం, దానితో చేసే మిఠాయి కూడా. మన దగ్గర లేతపాకం ఎలా బంగారు ఛాయలో ఉంటుందో అలాంటిది. 1942 నాటి నౌకాదళ సాంకేతిక నివేదిక ఒకటి జీరోకు అప్పట్లో వాడుతున్న రంగును, కాస్త అమే ఛాయకు తిరిగిన బూడిద అనే అర్థంలో పేర్కొంది. దీన్ని పట్టుకుని కొందరు విమానం మొత్తాన్ని పాకం రంగులో ముంచేశారు. మీరు చూసిన గోధుమ ఛాయ మోడళ్లు అలా పుట్టినవే. ఆ మాటలో అసలు పదం బూడిద. పాకం అందులో ఛాయ మాత్రమే. నానబెట్టిన పెసరపప్పును రుబ్బితే వచ్చే లేత పచ్చదనం గుర్తు తెచ్చుకోండి. దాన్ని మామూలు బూడిద రంగులో చెంచాడు కలిపితే ఎలా ఉంటుందో, దాదాపు అదే ఈ రంగు.

మరి తెల్లగా ఎందుకు కనిపిస్తుంది? ఆనాటి ఫొటోలు ఎక్కువగా నలుపు తెలుపువి. లేత రంగు, దాని మీద మెరుపు, పైన సముద్రపు ఎండ. అలాంటి ఫొటోలో ఏ లేత బూడిదైనా తెల్లగానే పడుతుంది. భద్రపరిచిన విమాన శకలాల్లోనూ ఇలాంటి తికమక ఉంది. ఎండకు, గాలికి పై పొర సుద్దలా మారి పాలిపోయిన చోట నీలి బూడిదగా కనిపిస్తుంది. అదే ముక్కను రుద్ది మెరుగుపెడితే అడుగున తేనె ఛాయ బయటపడుతుంది. ఒకే రేకు మీద ఇద్దరు మనుషులు రెండు రంగులు చూశామని చెబితే ఇద్దరూ నిజమే చెబుతున్నట్లు.

ఎయిర్‌బ్రష్‌తో నేను వాడేది టమియా సంస్థ రంగు ఎక్స్‌ఎఫ్-76. జపాన్ నౌకాదళపు ఆకుపచ్చ బూడిద కోసమే వాళ్లు తయారుచేసిన రంగు అది. మోడల్ చిన్నది కాబట్టి సీసాలోని రంగు ఉన్నదున్నట్లు వేస్తే కాస్త ముదురుగా అనిపిస్తుంది. పది చుక్కల రంగుకు ఒక చుక్క తెలుపు కలుపుతాను. రెక్కల, తోక వెనుక అంచుల్లో కదిలే అలెరాన్లు, ఎలివేటర్లు, రడ్డర్ లోహం కాదు, గుడ్డ కప్పినవి. వాటికి మరో చుక్క మామూలు బూడిద కలిపి ఆ పచ్చదనం తగ్గిస్తాను. ఈ తేడా అడుగు దూరం నుంచి కనీకనిపించకుండా ఉంటే చాలు, అంతకు మించితే కళ్లకు గుచ్చుకుంటుంది. ఫ్లాప్‌లు లోహమే కనుక వాటికి రెక్క రంగే వేయాలి.

మోడల్ 21 అంటే అన్నీ బూడిద రంగువే అనుకోవద్దు. నకజిమా వీటిని 1944 తొలినాళ్ల దాకా కడుతూనే ఉంది. 1943 నుంచి పైభాగానికి ముదురు ఆకుపచ్చ వచ్చింది. రెక్కల ముందు అంచు మీద పసుపు పట్టీ 1942 ఆగస్టు తరువాతి గుర్తు. పెర్ల్ హార్బర్ విమానానికి ఆ పట్టీ వేస్తే తప్పు, 1943 నాటి దానికి వేయకపోతే తప్పు.

పెయింటు ఊడటం గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. జపాన్ విమానమంటే పెయింటు పెచ్చులు పెచ్చులుగా రాలిపోవాలనే నమ్మకం మోడల్ కట్టేవాళ్లలో స్థిరపడిపోయింది. ఆ నమ్మకం గాలిలోంచి పుట్టలేదు, కానీ చాలావరకు అది వేరే విమానాల కథ. ఉదాహరణకు సైన్యానికి చెందిన కవాసాకి కీ-61 విమానాలు చాలావరకు రంగు లేకుండా, మెరిసే లోహంతోనే కర్మాగారం నుంచి బయటికి వచ్చేవి. యుద్ధరంగం దగ్గరి స్థావరాల్లో వాటి మీద ఆకుపచ్చ మచ్చలు చల్లేవారు. ప్రైమర్ (అడుగు పూత) లేని నున్నటి రేకు మీద హడావిడిగా వేసిన రంగు నిలుస్తుందా? రాలిపోయింది. ఆ ఫొటోలు చూసినవాళ్లు అదే తీరును జీరోకూ అంటగట్టారు.

1941, 42 నాటి మిత్సుబిషి జీరో సంగతి వేరు. ఉప్పుగాలిలో తిరగవలసిన నౌకాదళ విమానం కాబట్టి రేకు మీద ఎర్రమట్టి రంగు ప్రైమర్, దాని మీద నున్నటి పై పూత వేశారు. దక్కిన శకలాల్లో ఈ పొరలు కనిపిస్తాయి. పైగా విమానవాహక నౌక మీద ఉన్న విమానం ఎగరని సమయమంతా డెక్ కింద హ్యాంగరులో ఉంటుంది. మెకానిక్‌లు రోజూ తుడిచేవారు. అలాంటి విమానానికి నిలువెల్లా వెండి మచ్చలు పెట్టడమంటే దాన్ని కంటికి రెప్పలా చూసుకున్న మనుషుల పనిని చెరిపేయడమే.

లెక్క కూడా చూడండి. 12 మీటర్ల రెక్క 1/48లో 25 సెంటీమీటర్లు అవుతుంది. అసలు విమానం మీద ఒక సెంటీమీటరు పెచ్చు ఊడితే మోడల్ మీద అది 0.2 మిల్లీమీటర్లు. కుంచె కొనతో రెండు మిల్లీమీటర్ల వెండి మచ్చ పెట్టారంటే, అసలు విమానం మీద దాదాపు పది సెంటీమీటర్ల పెచ్చు పోయిందని చెప్పినట్లు. అలాంటివి రెక్కకు ఇరవై పెడితే ఆ విమానాన్ని ఎవరైనా డెక్ మీది నుంచి లేవనిస్తారా?

నా రెండో జీరోకు ఇదే తప్పు చేశాను. వెండి రంగు పెన్సిల్ తీసుకుని రెండు సాయంత్రాలు కూర్చుని, ప్రతి ప్యానెల్ అంచునా మచ్చలు పెట్టాను. అప్పట్లో ఎంతో సంతృప్తిగా అనిపించింది. కొన్నాళ్ల తరువాత అదే అరలో పక్కన మూడో జీరోను పెట్టాను. దానికి ఎడమ రెక్క మొదట్లో మాత్రమే కాస్త అరుగుదల చూపించాను. పైలట్ ఎక్కేది ఆ వైపు నుంచే. ముడుచుకునే మెట్టు, చేతిపట్లు ఎడమవైపునే ఉంటాయి. ఇంటికి వచ్చినవాళ్లందరూ మూడోదాని దగ్గరే ఆగి చూసేవారు. రెండోదాన్ని తీసి, రంగు వదిలించి, మళ్లీ మొదటి నుంచి వేశాను.

మీరు కూడా అంతవరకే చేయండి. ఎడమ రెక్క మొదలు దగ్గర, ఇంజనును కప్పే కౌలింగ్ మూతల మరల చుట్టూ చిన్న స్పాంజి ముక్కతో ఎరుపు గోధుమ రంగు అద్దండి. వెండి రంగు అక్కర్లేదు. మసి మాత్రం చూపించాలి. మోడల్ 21లో పొగగొట్టాలు కౌలింగ్ వెనుక అంచున, కింది భాగంలో చెరోవైపు ఒకటి ఉంటాయి. అక్కడి నుంచి రెక్క అడుగుకు సన్నగా మసి సాగుతుంది. పాస్టెల్ పొడిని మెత్తటి కుంచెతో వెనక్కి లాగితే చాలు. ప్యానెల్ గీతల్లో నల్ల వాష్ (బాగా పలుచన చేసిన రంగు) పోయకండి. లేత బూడిద మీద నలుపు పడితే విమానం బాత్‌రూమ్ టైల్స్ పరిచినట్లు తయారవుతుంది. బూడిద కలిసిన గోధుమ వాష్ వాడి, వెంటనే గాలి వీచే దిశలో తుడిచేయండి.

కుంచె ప్రశ్నకు వస్తే, రెండు దారులున్నాయి. సులువైనది స్ప్రే డబ్బా. ఇదే ఆకుపచ్చ బూడిద టమియాలో ఏఎస్-29 పేరుతో స్ప్రేగా దొరుకుతుంది. బూడిద రంగు జీరోకు పై నుంచి కింది దాకా దాదాపు ఒకే రంగు కాబట్టి స్ప్రేకు ఇంతకంటే అనువైన విమానం లేదు. డబ్బాను పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో ఉంచి, మోడల్‌కు ఒక జానెడు దూరం నుంచి సన్నటి పొరలు మూడు వేయండి. మాస్కు పెట్టుకోండి, ఆరుబయట వేయండి, ఎండలో మాత్రం వద్దు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదు మిద్దె మీద మధ్యాహ్నం వేస్తే రంగు మోడల్‌ను తాకేలోపే ఆరిపోయి ఉపరితలం గరుకు కాగితంలా అవుతుంది. ఉదయం ఏడింటికి వేయండి. నేనుండేది విశాఖలో, ఇక్కడ సమస్య తేమ. వానలు పడే రోజుల్లో ఈ స్ప్రే లాంటి లాకర్ రంగు వేస్తే పొగమంచు పట్టినట్లు తెల్లబారుతుంది. అలాంటి రోజుల్లో అతుకుల పని చేసుకుంటూ వాన తగ్గేదాకా ఆగుతాను.

రెండో దారి కుంచె. విమానం మొత్తానికి కుంచెతో వేసేటప్పుడు టమియా అక్రిలిక్ వాడకండి. అది త్వరగా ఆరి, రెండో పొర వేసేటప్పుడు మొదటి పొరను పైకి లేపేస్తుంది. వల్లెజో లాంటి నీటి అక్రిలిక్ తీసుకోండి. ముందు స్ప్రే ప్రైమర్ ఒక పొర వేయండి. ఆ తరువాత ఒక సెంటీమీటరు వెడల్పున్న మెత్తటి బల్లపరుపు కుంచెతో, పాలలాగా పలుచన చేసిన రంగును ముక్కు నుంచి తోక వైపు ఒకే దిశలో లాగండి. మొదటి పొర చూస్తే గుండె జారిపోతుంది, చారలు చారలుగా ఉంటుంది. తడిగా ఉన్నప్పుడు దాన్ని సరిచేయబోకండి. ఆరనిచ్చి రెండోది, మూడోది, నాలుగోది వేయండి. మా అక్క కొడుకు పదమూడేళ్ల వయసులో 1/72 జీరోకు ఇలాగే అయిదు పొరలు వేశాడు. దాని రెక్క 16.7 సెంటీమీటర్లే కనుక కుంచె గీత పడితే ఇట్టే తెలిసిపోతుంది. అయినా అతని పూత నా తొలి ఎయిర్‌బ్రష్ పనికంటే నున్నగా వచ్చింది. తొందరపడకపోవడమే అతను చేసిన మంచి పని.

చిన్న భాగాల రంగులు క్లుప్తంగా చెబుతాను. కౌలింగ్ అచ్చమైన నలుపు కాదు, మిత్సుబిషిలో అది నీలం కలిసిన నలుపు. టమియా ఎక్స్‌ఎఫ్-1 నలుపు అయిదు పాళ్లకు ఎక్స్‌ఎఫ్-8 నీలం ఒక పాలు కలపండి. కాక్‌పిట్‌కు ఎక్స్‌ఎఫ్-71. చక్రాల కాళ్లకు నలుపు. ఈ కాలపు ప్రొపెల్లర్ ముందువైపు మెరిసే లోహం, కొనల దగ్గర ఎర్ర పట్టీలు, వెనుకవైపు పైలట్ కళ్లకు మెరుపు కొట్టకుండా ముదురు గోధుమ. మొత్తం గోధుమ రంగులో పసుపు కొనలున్న ప్రొపెల్లర్ తరువాతి కాలానిది. ఇదీ తేదీ చెప్పే మాటే.

సీటు వెనుక, దేహం లోపలి రేకుకు ‘ఆవోతాకె’ అనే పూత ఉంటుంది. ఆ మాటకు పచ్చి వెదురు అని అర్థం. తుప్పు నుంచి రక్షణకు వేసిన పారదర్శకమైన నీలి ఆకుపచ్చ లక్క అది. వెండి రంగు వేసి, ఆరాక ఎక్స్-23 పారదర్శక నీలం, ఎక్స్-25 పారదర్శక ఆకుపచ్చ కలిపి పైన పూస్తే అచ్చం అలాగే వస్తుంది. కానపీ (కాక్‌పిట్ పైని గాజు మూత) మూసేస్తే అది కనబడదు. నేను మాత్రం ప్రతిసారీ వేస్తాను. ఈ విమానంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన రంగు అదే.

చివరిగా, మన తీరం మాట. ఈ మోడల్ చూసిన ప్రతివాళ్లూ “వైజాగ్ మీద బాంబులు వేసింది ఇదేనా?” అని నన్ను అడుగుతారు. కాదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద దాడి చేసినవి ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి వచ్చిన నకజిమా బీ5ఎన్ బాంబర్లు. జీరోలు ఆ వారంలో వచ్చింది సింహళం మీదికి. ఏప్రిల్ 5న కొలంబో, 9న ట్రింకోమలి. వచ్చిన పెద్ద నౌకలు అయిదు: అకాగి, సోర్యు, హిర్యు, షోకాకు, జుయికాకు. పెర్ల్ హార్బర్‌లో ఉన్న కగా ఈసారి రాలేదు.

ఆ ర్యూజోకే రెండు నెలల తరువాత మరో కథ ఉంది. 1942 జూన్ 4న దాని జీరో ఒకటి, తోక మీద డీఐ-108 అని రాసినది, అలాస్కాకు చెందిన అకుటాన్ దీవిలో బురద నేల మీద దిగబోయి తలకిందులైంది. పైలట్ తదయోషి కోగా అక్కడికక్కడే చనిపోయాడు. విమానం మాత్రం పెద్దగా దెబ్బతినలేదు. జులైలో అమెరికన్లు దాన్ని కనుగొని, బాగుచేసి, సెప్టెంబరులో శాన్ డియేగోలో ఎగరేశారు. వేగం పెరిగితే అలెరాన్లు బిగుసుకుపోతాయని, ముక్కును ఒక్కసారిగా కిందికి తోస్తే ఇంజను తడబడుతుందని వాళ్లకు దానివల్లే స్పష్టమైంది. మీ కిట్‌లో డీఐ-108 డెకాల్ ఉంటే, అది మిత్సుబిషి కట్టిన విమానమని, దేహం మీద తెల్లని అంచు రాదని గుర్తుంచుకోండి.

పెర్ల్ హార్బర్ నాటి విమానాలకైతే దేహం మీది పట్టీ నౌకను చెబుతుంది. అకాగికి ఎరుపు ఒకటి, కగాకు ఎరుపు రెండు. సోర్యుకు నీలం ఒకటి, హిర్యుకు రెండు. షోకాకుకు తెలుపు ఒకటి, జుయికాకుకు రెండు. ఈ పట్టీలను డెకాల్‌గా అతికించకుండా మాస్కింగ్ టేపు వేసి రంగుతో వేసుకోండి. డెకాల్ పట్టీ దేహం చుట్టూ తిరిగి వచ్చేసరికి అడుగున కలవక పక్కకు జరుగుతుంది.

మీ డెకాల్ షీట్‌లో ఏయే తోక సంఖ్యలు ఉన్నాయో ఇక్కడ రాయండి. అవి చూసి నౌక, కర్మాగారం, తెల్లని అంచు ఉండాలా వద్దా అన్నది చెబుతాను. అప్పటిదాకా కాక్‌పిట్ మొదలుపెట్టుకోవచ్చు, తెలుపు కలిపిన బూడిద రంగును మాత్రం ముందు పాత ప్లాస్టిక్ చెంచా మీద వేసి, పగటి వెలుతురులో కిటికీ దగ్గర పెట్టి చూడండి.